పక్క సీట్లో గుంత

మా అమ్మమ్మకి కారు నడపడం రాదు. బానెట్ ఎలా తెరుస్తారో కూడా మొన్నమొన్నటిదాకా తెలియదు. అయినా ఏడాదికి ఒకటో రెండో కార్లు వేలంలో చవగ్గా కొని, బాగుచేయించి, అమ్ముతుంది. ఈ సంగతి విన్నవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత మా మావయ్య మీద జాలిపడతారు. మావయ్యకి ఆ జాలి బాగానే రుచిస్తుంది.

అమ్మమ్మ అసలు పని కార్లకి సీటు కవర్లు కుట్టడం. పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, టైర్లకి గాలి కొట్టే దుకాణం పక్కన, ఆమెకో రేకుల షెడ్డు ఉంది. లోపల పొడవాటి బల్ల, గోడకి ఆనించిన రెక్సిన్ చుట్టలు, మేకులకి వేలాడే కత్తెరలు, మధ్యలో ఓ నల్లటి బరువైన కుట్టుమిషను. మిషను మీద ఎప్పుడో రాసిన బంగారు అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. అమ్మమ్మ ముంజేయి ఆనే చోట మాత్రం ఇనుము అద్దంలా మెరుస్తుంది. ముప్ఫై నాలుగేళ్లు రుద్దిన మెరుపు అది. వీధిలో అందరూ ఆమెని సీట్లమ్మ అంటారు. తాతయ్య ఉన్న రోజుల్లో ఆయన్ని సీట్లమ్మ మొగుడు అనేవారట. ఆయన దానికి ఎన్నడూ బాధపడలేదని అమ్మమ్మ చెబుతుంది. బాధపడినా ఆ మిషను చప్పుడులో ఆమెకి వినపడి ఉండదని నా అనుమానం.

కార్ల గురించి అమ్మమ్మకి ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది. బండి పైరంగు మొహానికి రాసుకున్న పౌడరులాంటిది, ఇంజను చప్పుడు వచ్చినవాళ్ల ముందు మర్యాదగా మాట్లాడే పెద్దమనిషిలాంటిది. ఆ రెండిటినీ నమ్మకూడదు. సీటు మాత్రం అబద్ధమాడదు, మనిషి బరువు మోసింది కాబట్టి. సీటు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కి, నడిపినవాడు లావో సన్నమో, దూరాలు తిరిగాడో సందుల్లోనే తిరిగాడో చెప్పేస్తుంది. ఒకాయన కవర్లు మార్పించుకోవడానికి వస్తే, మీ డ్రైవరు మధ్యాహ్నాలు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాడని కూడా చెప్పేసింది. ఆ డ్రైవరు తర్వాత ఏడాదిపాటు మా సందులోకి రాకుండా చుట్టు తిరిగి పోయేవాడు.

ఈ సిద్ధాంతంతో మొదట నాలుగు కార్లు బాగానే అమ్ముడుపోయాయి. అయిదోది పైకప్పు కారే బండి. వానాకాలమంతా దాని సీట్లు విప్పి ఆరబెట్టుకోవడానికే సరిపోయింది. ఆరోదాని సీట్లు కొత్త పరుపుల్లా ఉన్నాయి, ఇంజను మాత్రం లోపల మూలుగుతోంది. రెండిట్లోనూ చేతులు కాలాయి. అప్పుడు మావయ్య రంగంలోకి దిగాడు.

మావయ్య నీటి బిల్లుల ఆఫీసులో పనిచేస్తాడు. పెన్సిలు చెక్కేటప్పుడు కూడా కింద కాగితం పరుచుకునే మనిషి. అమ్మకి అరవై ఆరు నిండాయి, మోకాళ్లు నొప్పులంటోంది, ఇంక ఇంటిపట్టున ఉండాలి అని ఆయన ఎప్పుడో తీర్మానించాడు. వీధి చివర స్కూలు సంచులు కుట్టి అమ్మే దుకాణాయన ఒకడున్నాడు. ఆయన కన్ను చాలాకాలంగా అమ్మమ్మ మిషను మీద ఉంది. మావయ్య ఆయనతో ఓ మాట అనుకుని వచ్చి, అమ్మమ్మ ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంకొక్క బండి కొనుక్కో అమ్మా. ఈ నెలాఖరులోగా అది లాభానికి పోయిందా, నేను జన్మలో మళ్లీ ఈ మాట ఎత్తను. పోలేదా, మిషను సంచులాయనకి, నువ్వు ఇంటికి."

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ సరేనంది. గంటసేపు వాదించడానికి సిద్ధపడి వచ్చిన మావయ్యకి, తెచ్చుకున్న మాటలన్నీ గొంతులోనే మిగిలిపోయాయి. ఆయన వెళ్లాక, ఎందుకు ఒప్పుకున్నావని నేను నిలదీశాను.

"ఒప్పుకోకపోతే రోజూ వచ్చి కూర్చుంటాడే. ఇప్పుడైతే నెల్లాళ్లు నోరు కట్టేసుకుంటాడు," అంది.

అని నవ్వింది గానీ, ఆ సాయంత్రం మిషనుకి నూనె వేసింది. పొద్దున్నే వేసిన సంగతి నాకు తెలుసు.

వేలం ఊరి చివర గోడలు కట్టిన ఖాళీ స్థలంలో జరుగుతుంది. అప్పు కట్టలేనివాళ్ల దగ్గర బ్యాంకులు పట్టుకొచ్చిన బండ్లన్నీ అక్కడ వరుసగా నిలబెడతారు. అద్దం మీద సుద్దముక్కతో అంకె వేస్తారు. ముందురోజు చూసుకోనిస్తారు, తలుపులు తెరవనిస్తారు, ఇంజను మాత్రం ఆడించనివ్వరు. ఉన్నది ఉన్నట్టుగా కొనుక్కోవాలి, తర్వాత ఏడిస్తే వాళ్ల పూచీ లేదు. మేం ముగ్గురం వెళ్లాం. అమ్మమ్మ, నేను, మా మెకానిక్కు నిదానం. నిదానం అతని పేరు కాదు, అతని పద్ధతి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేలోగా ఓ టీ తాగి రావచ్చు. కానీ అతను బిగించిన బోల్టు మళ్లీ ఊడిన చరిత్ర లేదు.

అందరూ బానెట్ల కింద తలలు దూర్చి చూస్తుంటే, అమ్మమ్మ ఒక్కో బండిలోనూ ఎక్కి కూర్చుంటూ పోయింది. సినిమాహాల్లో సీటు నచ్చనివాళ్లు మారి కూర్చుంటారే, అలా. పద్నాలుగో నంబరు వేసిన తెల్ల బండి దగ్గర ఆగిపోయింది. దాని మీద వేలు మందాన దుమ్ము ఉంది, తెల్లదని నిదానం తుడిచి చూస్తేనే తెలిసింది. అమ్మమ్మ ముందు డ్రైవరు సీటు నొక్కింది. పక్క సీటు నొక్కింది. కిందికి వంగి కాళ్ల దగ్గర తివాచీ తడిమింది. మళ్లీ డ్రైవరు సీట్లోకి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఏమే, చెయ్యి పెట్టి చూడు. డ్రైవరు సీట్లో ఎక్కడా గుంత లేదు, మొత్తం ఒకేలా ఉంది. ఎవరో బరువు లేని మనిషి మెత్తగా నడిపారు. పక్క సీట్లో చూడు, చెరువంత గుంత. డ్రైవరు వైపుకి ఒరిగి మరీ కూర్చున్నాడు. కాలి కింద తివాచీ చిరిగిపోయింది కూడా."

"అయితే?"

"నడిపింది పెళ్లాం. పక్కన కూర్చున్నది మొగుడు. ఆవిడ నడుపుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, లేని బ్రేకుని తొక్కీ తొక్కీ తివాచీ చింపేశాడు. అంత భయస్తుడు పక్కనుంటే ఆవిడ నెమ్మదిగా కాక ఎలా నడుపుతుంది? ఈ బండి దెబ్బ తిని ఉండదు."

నాకు ఆ దంపతులు కళ్ల ముందు కనిపించేశారు. నిదానం బండి కిందికి వంగి, లేచి, చేతులు దులుపుకుని, క్లచ్చు దగ్గర ఏదో కాలిన వాసన వస్తోంది పెద్దమ్మా అన్నాడు. అమ్మమ్మ అది పక్క బండిదంది. మర్నాడు వేలంలో పద్నాలుగో నంబరు పిలవగానే అమ్మమ్మ చీటీ ఎత్తింది. ఇంకొక్క చెయ్యి కూడా లేవలేదు. మిగతా వ్యాపారులంతా తన వైపు చూస్తుంటే, తన తెలివికి ముక్కున వేలేసుకున్నారని అమ్మమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను, గర్వంగా కొంగు కూడా సర్దుకున్నాను.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి, షెడ్డు ముందు నీళ్లు కొట్టి కడిగాం. దుమ్ము పోయింది. ఎండ ఏటవాలుగా పడింది. అప్పుడు తలుపు మీద ఏవో నీడలు కనిపించాయి. ఎప్పుడో అంటించిన స్టిక్కరు పీకేస్తే, దాని కింది రంగు ఎండ తగలక తెల్లగా మిగిలిపోయింది. పదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని కాబట్టి అక్షరాలు కూడబలుక్కోవడం నాకు కష్టం కాలేదు. గట్టిగా చదివాను.

"కారు నడపడం నేర్పబడును. స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ."

నిదానం పక్క సీటు ముందు కింద పడుకుని, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. తివాచీ చిరిగిన చోట రేకుకి రెండు చిల్లులున్నాయని, బ్రేకూ క్లచ్చూ ఇంకో జత ఇటువైపు కూడా ఉండేవని, వాటిని ఎవరో ఊడదీసుకున్నారని చెప్పాడు. ఆ చెప్పడం కూడా తన పద్ధతిలోనే చెప్పాడు కాబట్టి మా గుండెలు ముక్కముక్కలుగా జారాయి.

మొగుడూ లేడు, పెళ్లామూ లేదు. పక్క సీట్లో కూర్చున్నది నేర్పే మాస్టారు. డ్రైవరు సీట్లో గుంత లేకపోవడానికి కారణం బరువు లేని మనిషి కాదు. లావువాళ్లూ సన్నవాళ్లూ పొడుగువాళ్లూ పొట్టివాళ్లూ వందలమంది ఎక్కి దిగితే, ఏ ఒక్కరి గుంతా నిలవలేదు. అంతమంది తొక్కడం రాని తొక్కుడు తొక్కిన క్లచ్చు బూడిదైపోయింది. రెండో గేరు పళ్లు అరిగిపోయాయి. వేలంలో ఒక్క చెయ్యి కూడా ఎందుకు లేవలేదో అప్పుడు అర్థమైంది. ఆ బండి చరిత్ర మాకు తప్ప అందరికీ తెలుసు.

మావయ్య ఆఫీసు నుంచి వస్తూ ఆగాడు. తలుపు మీది అక్షరాలు రెండుసార్లు చదివాడు. ఆయన జీవితంలో జోకు వేయడం చాలా అరుదు, అందుకే ఆ రోజు వేసింది ఇప్పటికీ గుర్తుంది.

"నడిపింది ఆడమనిషి అన్నావటగా అమ్మా. నిజమే. ఓ అయిదారొందల మంది."

అమ్మమ్మ కొడుకు మాటకి బదులివ్వకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మావయ్య కూడా అదే మొదటిసారి చూశాడేమో, కాస్త కంగారుపడి, టీ తెప్పించనా అని అడిగాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి సీట్లన్నీ విప్పి బల్ల మీద ఉన్నాయి. డ్రైవరు సీటు కింద దొరికినవాటిని ఓ రేకుడబ్బాలో వేసింది. జడపిన్నులు ముప్ఫై ఒకటి, పెన్నులు తొమ్మిది, పరీక్ష దరఖాస్తుకి అంటించే చిన్న ఫొటోలు నాలుగు, ఒక్క చెవిపోగు. వీటిని ముందే చూసి ఉంటే అని నేను మొదలుపెట్టబోతే, ముందు దారం అందుకోమంది. నిదానం క్లచ్చు మార్చాడు, గేరుపెట్టె విప్పి కొత్త పళ్లచక్రం వేశాడు. ఆ రెండు పనులకీ అతనికి పదకొండు రోజులు పట్టింది. అమ్మమ్మ పాత స్పాంజి తీసేసి కొత్తది కోసి అమర్చింది. పాతవాటిని గోనెసంచిలో కట్టి అటక మీద పడేసింది. ఆ అటక మీద ఇరవయ్యేళ్ల స్పాంజిముక్కలు ఉంటాయి. ఏ చెత్తా పారేయదని మావయ్య నెత్తి కొట్టుకుంటాడు. కవర్లకి బూడిదరంగు రెక్సిన్, అంచుల వెంట గుండ్రంగా ఉబ్బే ఎర్ర గొట్టంకుట్టు వేసింది. పక్క సీటు చెరువు పూడిపోయి, పెళ్లిపీటలా చదునుగా తయారైంది. అంత బాగా కుట్టిన సీట్లు నేను అంతకుముందు చూడలేదు. ఆ మిషను మీద ఆమె కుట్టే చివరి సీట్లు ఇవే కావచ్చు.

కొనేవాళ్లు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్లకీ ఇది డ్రైవింగు స్కూలు బండి అని అమ్మమ్మ ముందే చెప్పేసేది. చెప్పకుండా ఉండమ్మా, పెట్టిన డబ్బయినా వెనక్కి రావాలి కదా అని మావయ్య గింజుకున్నాడు. చెప్పకపోయినా లాభం లేకపోయింది, ఆ బండి హారను చెప్పేసేది. జలుబు చేసిన మేక అరిచినట్టుంటుంది ఆ గొంతు. ఒకసారి విన్నవాడు మరిచిపోడు. ఊళ్లో సగంమంది ఆ గొంతు వింటూనే నేర్చుకున్నారు.

మొదట వచ్చిన మందుల దుకాణాయన హారను నొక్కి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఈ బండిలోనే రెండుసార్లు పరీక్ష తప్పాడట. ఆ చప్పుడుకి ఇప్పటికీ అరచేతులు చెమట పడుతున్నాయని చూపించి వెళ్లిపోయాడు. తర్వాత కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. పెళ్లికూతురు హారను వినగానే పకపకా నవ్వి, నేను కాలేజీ గోడని గుద్దింది దీంతోనే అంది. పెళ్లికొడుకు మొహం మాడిపోయింది. తన చేతిలో ఏనాడూ ఏ బండికీ గీత కూడా పడలేదని ఆ అమ్మాయి ఆయనతో చెప్పి ఉందట. వాళ్లు కొట్లాడుకుంటూనే వీధి మలుపు తిరిగారు. మూడోసారి ఓ పంతులమ్మగారు వచ్చారు. రెండో గేరు ఇప్పుడు పడుతోందా అని ఆప్యాయంగా అడిగి, సీటు నిమిరి, మాతో టీ తాగి, అరగంట పాత కబుర్లు చెప్పి, బండిని ఓసారి తట్టి వెళ్లారు. ఆవిడకి ఇంట్లో కొత్త బండి ఉందట. ఊరికే చూసిపోదామని వచ్చారు.

హారను మార్చేద్దామని నిదానం అన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"బాగులేనిది బాగుచెయ్యి నాయనా. గొంతు మార్చి అమ్మడం బాగుచేయడం కాదు."

నెలాఖరు ఇంక మూడు రోజులుందనగా సంచులాయన టేపు పట్టుకుని వచ్చాడు. మిషను తన దుకాణం గుమ్మంలో పడుతుందో లేదో కొలుచుకుంటానన్నాడు. పాపం మంచివాడే, ఇబ్బందిపడుతూనే అడిగాడు. టేపు పొడవు చాలక రెండో కొస ఎవరు పట్టుకుంటారా అని చూస్తుంటే, అమ్మమ్మ లేచి తనే పట్టుకుంది. కొలిచినంతసేపూ పట్టుకుంది.

మర్నాడు ఉదయం ఒక పెద్దమనిషి నడుచుకుంటూ వచ్చాడు. యాభై అయిదు దాటిన, భారీ విగ్రహం. అమ్మమ్మ మిషను మీద ఉంది. నేను బండి దగ్గరికి వెళ్లి, ఇది డ్రైవింగు స్కూలు బండి అని మా పాఠం మొదలుపెట్టాను. ఆయన తెలుసన్నట్టు తలూపాడు. బానెట్టు వైపు చూడలేదు, డ్రైవరు తలుపు ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి వెళ్లి, పక్క సీటు తలుపు తీసి కూర్చున్నాడు. ఆయన కాలు కింద దేనికోసమో వెతికింది. దొరకలేదు. కాస్త కదిలి కూర్చున్నాడు. మళ్లీ కదిలాడు. ఒళ్లో పిల్లిని పెట్టుకున్నవాడిలా ఎటూ కుదురుకోలేకపోయాడు.

మిషను చప్పుడు ఆగింది. అమ్మమ్మ అరచేత్తో చక్రాన్ని ఆపి, ఆయన కూర్చున్న తీరే చూస్తోంది. లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"డ్రైవరు వైపుకి కొంచెం ఒరగండి బాబూ."

ఆయన ఒరిగాడు.

"ఇంకొంచెం."

ఆయన ఇంకొంచెం ఒరిగాడు. భుజం, తుంటి, కాలు, అన్నీ వాటి వాటి చోట్లకి వెళ్లాయి.

"మీరే," అంది అమ్మమ్మ.

"నేనేనమ్మా. పదకొండేళ్లు. నా సీటు ఏమైంది?"

"బాగుచేశాను."

"చాలా బాగుంది. అందుకే కుదరడం లేదు," అన్నాడు మాస్టారు.

బండి వచ్చిందని పంతులమ్మగారు చెప్పారట. ఆయన కథ పెద్దదేం కాదు. ఒకరోజు పొద్దున పాఠానికి వెళ్తే స్కూలు షట్టరు దించి ఉంది, యజమాని ఊరు వదిలేశాడు. బండిని బ్యాంకువాళ్లు తీసుకెళ్లారు. అప్పటినుంచి ఆయన రొట్టెల వ్యాను నడుపుతున్నాడు. నడపడం కొత్త కాదు గానీ పక్కన ఎవరూ లేకపోతే నోరు ఎండిపోతోందన్నాడు. ఎవరితో అనాలి, క్లచ్చు వదులు, క్లచ్చు వదులు అని? వ్యాను నడుపుతూ తనతో తనే అనుకుంటున్నాడట, వెనక రొట్టెలు వింటున్నాయట. పాత విద్యార్థులు వాళ్ల పిల్లలకి నేర్పమని అడుగుతున్నారు. సొంతంగా మొదలుపెట్టాలని కొంత కూడబెట్టాడు. వేలం సంగతి తెలిసేసరికి బండి మా చేతుల్లో పడింది.

"రెండో జత బ్రేకూ క్లచ్చూ కావాలి కదా మాస్టారూ," అన్నాడు నిదానం.

"మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. బ్యాంకువాళ్లు వచ్చేలోగా స్కూలు గుర్తుగా అవే ఊడదీసి తెచ్చుకున్నాను," అన్నాడు ఆయన, కాస్త సిగ్గుపడుతూ. "మా ఆవిడ రోజూ తిడుతుంది."

అమ్మమ్మ నన్ను అటక ఎక్కమంది. ఇరవయ్యేళ్ల దుమ్ములోంచి గోనెసంచి దించాను. పక్క సీటు పాత స్పాంజి బయటికి తీసి బల్ల మీద పెట్టింది. చెరువు చెరువులాగే ఉంది. మాస్టారు దాన్ని చూసి, పాత స్నేహితుడు ఎదురైనట్టు పలకరింపుగా తట్టాడు. తర్వాత అమ్మమ్మ కత్తెర తీసుకుని, తను కుట్టినవాటిలో అన్నిటికన్నా బాగా కుట్టిన ఆ ఎర్ర అంచుని చివరిదాకా విప్పేసింది. నాకే ప్రాణం చివుక్కుమంది. బాగుచేసిన సీటుని మళ్లీ పాడుచేయడం మా షెడ్డులో అదే మొదటిసారి.

అయితే ఉన్నది ఉన్నట్టు పెట్టేయలేదు. ఆయన ఓ పక్క తుంటి కిందికి దిగిపోయి కూర్చుంటాడని, నడుము నొప్పి అందుకే వస్తుందని కనిపెట్టి, గుంత కింద రెండు వేళ్ల మందాన గట్టి స్పాంజిముక్క ఒకటి వేసింది. నడుము నొప్పి సంగతి మీకెవరు చెప్పారని ఆయన ఆశ్చర్యపోయాడు. అమ్మమ్మ స్పాంజి వైపు చూపించింది. మధ్యాహ్నానికి కవరు మళ్లీ బిగిసింది. మాస్టారు ఎక్కి కూర్చున్నాడు. కాలు చాపాడు. కళ్లు మూసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా, మెల్లగా అన్నాడు.

"క్లచ్చు వదులు."

ధర దగ్గర చిక్కు వచ్చింది. నెలాఖరు రోజు సాయంత్రం మావయ్య కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మాస్టారు తన దగ్గర ఉన్నదంతా చెప్పాడు. మావయ్య కాగితం మీద కూడాడు, తీసేశాడు, మళ్లీ కూడాడు. సరిగ్గా మాకు అయిన ఖర్చంత వచ్చింది. ఒక్క కాసు ఎక్కువ లేదు, తక్కువా లేదు. మావయ్య గొంతు తగ్గించి, లాభం అనుకున్నాం కదమ్మా అన్నాడు. గెలిచినవాడి మొహం కాదు అది. అంతకుముందు సంచులాయన టేపు కథ నేను ఆయనకి చెప్పి ఉన్నాను. కావాలనే చెప్పాను.

అమ్మమ్మ తొణకలేదు. మాస్టారి వైపు తిరిగింది.

"ఒక మనిషికి మొదటినుంచి చివరిదాకా నేర్పడానికి ఎంత తీసుకుంటారు?"

ఆయన చెప్పాడు.

"అయితే అంత లాభం. నేర్చుకునే మనిషిని నేనే."

మావయ్య లేచి నిలబడ్డాడు. అరవై ఆరేళ్లకా అన్నాడు. మోకాళ్ల మాటేమిటి అన్నాడు. క్లచ్చు తొక్కితే మోకాలికి వ్యాయామం అని మాస్టారు పక్కనుంచి అందించాడు. లాభం అంటే చేతికొచ్చే డబ్బు అన్నాడు మావయ్య.

"నువ్వు లాభం అన్నావు నాన్నా. ఏ రూపంలో రావాలో చెప్పలేదు. నీ ఆఫీసులో అయితే ముందే రాయించుకుని ఉండేవాడివి."

మావయ్య చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టాడు. తల్లి వైపు చూశాడు, మిషను వైపు చూశాడు, బండి దగ్గరికి వెళ్లి పక్క సీటు ముందు వంగి చూశాడు. అప్పటికే నిదానం రెండో జత బిగించేశాడు.

"ఇటువైపు బ్రేకు గట్టిగా పనిచేస్తుందా మాస్టారూ?" అని అడిగాడు.

ఆయన ఓడిపోయినట్టు నాకు అర్థమైంది. సంచులాయనకి ఆ కబురు నేనే పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన కూడా హమ్మయ్య అన్నాడు. గుమ్మంలో మిషను ఎలాగూ పట్టదట.

మొదటి పాఠం ఆ ఆదివారం పొద్దున. అమ్మమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్లలో వేల సీట్లు కుట్టిన మనిషి, నడిపే పనిమీద సీట్లో కూర్చోవడం అదే మొదలు. మాస్టారు తన గుంతలో కుదురుకున్నాడు. వెనక సీట్లో నేను. మావయ్య ఎక్కలేదు, బయట కిటికీ అంచు పట్టుకుని బండితోపాటు నడిచాడు. బండి వేగం ఎంతంటే, ఆయన మధ్యలో ఆగి చెప్పులో రాయి దులుపుకుని మళ్లీ వచ్చి మమ్మల్ని అందుకున్నాడు. గాలి కొట్టే దుకాణం దగ్గర అమ్మమ్మ హారను మోగించింది. జలుబు మేక అరిచింది. వీధిలో ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు అలవాటుకొద్దీ పక్కకి తప్పుకున్నారు.

సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. మాస్టారు బాగా చేశారన్నాడు. మావయ్య చెమట తుడుచుకుంటూ, బాగానే ఉందిలే అన్నాడు. అమ్మమ్మ మాత్రం మొహం చిట్లించుకుని దిగింది. ఏమైందో అని మేమంతా చుట్టూ మూగాం.

"ఇక్కడ, తొడ కింద, ఈ కుట్టు గుచ్చుకుంటోంది. క్లచ్చు తొక్కినప్పుడల్లా. ఇన్నేళ్లుగా అక్కడే కుడుతున్నాను, ఒక్కరూ చెప్పరే?"

నిదానం ఎప్పట్లాగే కాసేపు ఆలోచించాడు. తనకి గుచ్చుకుంటూనే ఉంటుందని, అందరికీ అంతేనేమో అనుకుని ఊరుకున్నానని చెప్పాడు. మావయ్య కూడా అవునంటూ తొడ తడుముకున్నాడు. మాస్టారు మాత్రం, తన సీట్లో ఏమీ గుచ్చుకోవడం లేదన్నాడు.

అమ్మమ్మ అప్పటికే షెడ్డులోకి వెళ్లిపోయింది. ఏమే పిల్లా, సుద్దముక్క ఇటు తే అని లోపల్నుంచి పిలిచింది. బల్ల మీద రెక్సిన్ పరిచి, ముందే గీసి ఉన్న కుట్టు గీత చెరిపేసి, రెండు వేళ్ల కిందికి కొత్త గీత గీసింది. కాసేపట్లో మిషను మళ్లీ మొదలైంది.